పెరటి ముచ్చట్లు: తడి మట్టిలో వాడిన మిరప

ప్రశ్న: ఉగాది వెళ్లిన వారానికి మా డాబా మీద పెయింట్ బకెట్లలో పద్నాలుగు మిరప మొక్కలు నాటాను. మట్టి మా ఊరి చెరువుది. బకెట్ల అడుగున మేకుతో నాలుగేసి చిల్లులు పెట్టాను. పది రోజుల నుంచి పదకొండు గంటలకల్లా మొక్కలన్నీ వాలిపోతున్నాయి. రోజుకు మూడుసార్లు బోరు నీళ్లు పోస్తున్నా. తొమ్మిది సాయంత్రానికి లేస్తున్నాయి. అయిదు మాత్రం తెల్లారినా లేవడం లేదు, కింది ఆకులు పసుపు పడుతున్నాయి. మా అత్తమ్మ దిష్టి తగిలిందంటోంది. నాకేమో ఒకటే టెన్షన్. గుప్పెడు యూరియా వేయమంటారా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ముందు ఆ యూరియా సంచి మూతి కట్టేయండమ్మా. వేరు దెబ్బతిన్న మొక్క మొదట్లో గుప్పెడు యూరియా పడితే, అది వేరులో ఉన్న తడిని కూడా బయటికి గుంజుతుంది. రేపటికల్లా ఆకు మాడిపోతుంది.

తొమ్మిది, అయిదు అని విడదీసి రాశారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. ఆ తొమ్మిదింటికీ రోగం లేదు. మన వైపు ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో ఆకు వదిలే తడికి సరిపడా నీరు వేరు అందించలేదు. అందుకే మిట్టమధ్యాహ్నం ఆకు ముడుచుకుంటుంది, చల్లబడ్డాక లేస్తుంది. అది చూసి మధ్యాహ్నం రెండు గంటలకు చెంబు పట్టుకుని పైకి పరుగెత్తకండి. పొద్దున ఎండెక్కకముందే ఒక్కసారి, అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోయండి. సాయంత్రం వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి. లోపల పొడిగా ఉంటేనే మళ్లీ పోయాలి. పైమట్టి ఎండి కనిపిస్తే సరిపోదు, అది గంటలో ఎండుతుంది.

ఇక ఆ అయిదు. వాటికి నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై వాడాయని నా అనుమానం. వేరుకు నీటితో పాటు గాలీ కావాలి. చెరువు మట్టి పొలంలో బంగారమే, కానీ బకెట్లో ఒట్టిగా నింపితే తడిసినప్పుడు జిగట, ఆరినప్పుడు ఇటుక. మేకు చిల్లులు ఆ మట్టితో రెండో రోజే పూడుకుపోయి ఉంటాయి. పైగా బకెట్టు స్లాబుకు అతుక్కుని కూర్చుంది. నీరు దిగే దారి లేక వేరు కుళ్లుతుంది, కుళ్లిన వేరు నీరు పీల్చలేదు. అట్లా నీళ్లలోనే ఉండి మొక్క దాహంతో వాడుతుంది. మనకేమో వాడింది కదా అని ఇంకో చెంబు పోయబుద్ధవుతుంది.

ఇది నాకు పుస్తకం చెప్పింది కాదు. వ్యవసాయ శాఖలో ఊళ్లు తిరిగి రైతులకు బోలెడు చెప్పినవాణ్ని, రిటైరైన మొదటి ఎండాకాలం నల్లగొండలో మా ఇంటి మీద పది వంగ మొక్కల్ని నీళ్లు పోసి పోసి చంపాను. మా ఆవిడ ఒక కుండీ బోర్లించి, ఆ మట్టి నా ముక్కు దగ్గర పెట్టింది. మోరీ వాసన!

మీరూ అదే చేయండి. బాగా వాడిన ఒక మొక్కను మట్టిగడ్డతో సహా బోర్లించి తీయండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లినది గోధుమ రంగులో మెత్తగా ఉండి, రెండు వేళ్లతో లాగితే పైతోలు ఊడొచ్చి లోపల దారంలాంటి నార మిగులుతుంది. అంతా అట్లాగే ఉంటే ఆశ వదులుకోండి. సగమైనా తెల్ల వేరుంటే కుళ్లినంత వరకు కత్తిరించి, పూత, మొగ్గలు తుంచి, కొత్త మట్టిలో నాటి వారం రోజులు నీడన ఉంచండి. రెండు పాళ్లు ఎర్ర చలక మట్టి, ఒక పాలు బాగా చివికిన పెంట, ఒక పాలు కొబ్బరి పొట్టు, బకెట్టుకు గుప్పెడు వేపపిండి చాలు. పెంట పచ్చిది వేస్తే ఆ వేడికే వేర్లు మాడతాయి. ట్రైకోడెర్మా (వేరుకుళ్లును అడ్డుకునే మేలు బూజు) పొడి దొరికితే పెంటలో కలపండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదట్లో పోయమని షాపువాళ్లు చెబుతారు, తప్పు కాదు. కాకపోతే రెండూ ఒకేసారి వద్దు, ఆ మందు ట్రైకోడెర్మానూ దెబ్బతీస్తుంది.

చిల్లులు వేలు దూరేంత ఉండాలి. ఇనుప చువ్వ కాల్చి పెట్టండి, బకెట్ల కింద ఇటుక ముక్కలు ఎత్తు పెట్టండి. పడమటి ఎండ తగిలే వైపు తడి గోనెసంచి చుట్టండి. నల్ల బకెట్టయితే మధ్యాహ్నం దాని గోడ మీద చెయ్యి పెట్టలేం, లోపల వేరు దాన్ని ఆనుకునే ఉంటుంది మరి.

ఇంకొక్క పరీక్ష. ఆకు పసుపు పడకుండా, పచ్చగా ఉండగానే మొక్క ఉన్నట్టుండి కూలితే కాండం మొదట్లో రెండంగుళాల ముక్క కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి అందులో కదలకుండా వేలాడదీయండి. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి తీగ కిందికి దిగితే అది బాక్టీరియా ఎండుతెగులు. దానికి మందు లేదు. మొక్కను తీసి కాల్చేయండి, ఆ మట్టిలో మళ్లీ మిరప, టమాట, వంకాయ, ఆలుగడ్డ పెట్టకండి, అవన్నీ ఒక కుటుంబమే.

బోరు నీళ్ల సంగతి కూడా. నల్లగొండ బోరంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, కానీ మొక్క వాడితే ముందు అనుమానించాల్సింది ఉప్పును. మట్టి పైన, బకెట్టు అంచున తెల్లటి పొర కడితే అది గీకేసి, నల్లా నీళ్లతో ఒకసారి దండిగా కడిగి దించేయండి. చిల్లులు సరిచేశాకే సుమా.

అత్తమ్మగారి మాట కొట్టేయకండి. ఒక బకెట్టుకు నిమ్మకాయ కట్టనివ్వండి, నష్టమేం లేదు.

ప్రశ్న: వాడిన టమాట మొక్కను పీకితే వేర్ల నిండా బుడిపెలున్నాయి. వేరుశనగకు ఉన్నట్టు మంచివేనా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: కాదు. వేరుశనగ బుడిపె గోటితో గీకితే ఊడొస్తుంది. మీ టమాటలో వేరే ఉబ్బి ఉంటుంది, ఊడదు. అది నులిపురుగుల పని, అంటే మట్టిలో ఉండి వేరులో దూరే, కంటికి కనపడని సన్నటి పురుగులు. మొక్క పారేసి, మట్టి తడిపి, పలుచని పారదర్శక పాలిథీన్ కప్పి ఆరు వారాలు ఎండలో ఉంచండి. తర్వాత వేపపిండి కలిపి, మొదటి పంటగా బంతి పెట్టండి. బతుకమ్మకు పూలు మిగులుతాయి.