పొలాల బాట పట్టే ముందు

చి. అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

తారు రోడ్డు మీద పరుగెత్తీ పరుగెత్తీ విసుగొచ్చిందనీ, ఇక పొలాల మధ్య మట్టిబాట పట్టాలనుకుంటున్నాననీ రాశావు. సంతోషం. అయితే ఒక సంగతి మొదటే గుర్తుంచుకో. ఆ బాట నీ పరుగు కోసం వేసింది కాదు. ట్రాక్టర్లు, పశువులు, పనికి వెళ్ళేవాళ్ళు తిరగడానికి పడిన బాట అది. ఒదిగి ఉండవలసింది నువ్వే.

ముందుగా ఆ చేతి గడియారాన్ని పక్కన పెట్టు. రోడ్డు మీద కిలోమీటరుకు ఆరు నిమిషాలు పట్టే నీకు అక్కడ ఏడు పట్టవచ్చు, వాన వెలిసిన మర్నాడు ఎనిమిదీ పట్టవచ్చు. సత్తువ తగ్గిందేమోనని కంగారు పడకు. మెత్తటి నేల కాలి ఊపును కొంత మింగేస్తుంది. ఎగుడుదిగుళ్ళలో తూలకుండా నిలబెట్టడానికి చీలమండల చుట్టూ ఉన్న కండరాలు ఎక్కువ పని చేయాలి. వేగాన్ని వదిలేసి ఊపిరిని చూసుకో. పక్కవాళ్ళతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరిపోతుంది. మొదట్లో వారానికి ఒకటి రెండు పరుగులే మట్టి మీద, మిగతావి రోడ్డు మీదే కానివ్వు.

మట్టిబాటలో అసలు తంటా చక్రాల గాడులతో. తడి నేలలో దిగిన గాడి ఎండాక అంచులు రాయిలా గట్టిపడతాయి. అడుగు ఆ అంచు మీద పడిందా, చీలమండ మెలిక పడుతుంది. గాడిలో వెళితే గాడిలోనే వెళ్ళు, నడిమి దిమ్మె మీదయితే దిమ్మె మీదే ఉండు. అటూ ఇటూ దూకవద్దు. దిమ్మె మీద గడ్డి ఏపుగా ఉంటే మాత్రం దాని జోలికి పోకు. కింద రాయి ఉందో, పాము ఉందో తెలియదు. చూపు నాలుగైదు మీటర్ల ముందుండాలి, అడుగులు పొట్టిగా, త్వరత్వరగా పడాలి. పొద్దున్నే సూర్యుడు పక్క నుంచి పడుతుంటే ప్రతి గుంతా తన నీడతో కనబడుతుంది. అదే వెలుగు వెనక నుంచి వస్తే నీ నీడే నీ అడుగు పడే చోటును కప్పేస్తుంది. అలాంటప్పుడు కాస్త నెమ్మదించు. బంకమట్టి బూట్లకు దిండులా అంటుకోవడం మొదలైతే ఆ రోజుకు వెనక్కి తిరగడమే మేలు.

కుక్కల గురించి అడిగావు. కాపలా కుక్కకు నీ మీద పగేమీ లేదు, పరుగెత్తేది కనబడితే తరమడం దాని స్వభావం. కాబట్టి పరుగు ఆపెయ్యి. కళ్ళలోకి గుచ్చి చూడకు, వీపు తిప్పకు, చేతులు ఊపకు. నెమ్మదిగా పక్కకు జరుగుతూ దూరం పెంచు. దాని హద్దు దాటిన తర్వాత చాలా దూరం నడిచి, అప్పుడు పరుగందుకో. ఒకవేళ పన్ను దిగినా, చర్మం గీరుకున్నా, ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళు. చిన్న గాటే కదా అని ఊరుకోవద్దు. పాము కాటైనా అంతే: కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. కాలు కదపకుండా ఉంచి, వాహనం పిలిపించుకొని ఆసుపత్రికి చేరు.

ఆవుకూ దూడకూ మధ్యగా ఎప్పుడూ వెళ్ళకు. నువ్వు మందకు వెనక నుంచి వస్తుంటే దూరం నుంచే గొంతు వినిపించు.

చెవుల్లో పాటలు పెట్టుకోవడం నాకు ససేమిరా నచ్చదు, అక్కడయితే మరీను. ట్రాక్టర్ నడిపే మనిషికి ఆ మోతలో నీ అలికిడి వినబడదు. బాట దిగి నిలబడి, అతను నిన్ను చూశాడని నిర్ధారించుకున్నాకే కదులు. వెనక తగిలించిన పనిముట్టు ట్రాక్టర్ కంటే వెడల్పుగా ఉండవచ్చు. మలుపులో ట్రైలర్ లోపలి వైపు కోసుకుంటూ పోతుంది, ఎత్తి ఉన్న నాగలి బయటి వైపు ఊగుతుంది. అందుకని మలుపు దగ్గర ఏ పక్కనా నిలబడకు.

మందు కొడుతున్న చేను కనబడినా, ఘాటు వాసన ముక్కుకు తగిలినా వెనక్కి వచ్చెయ్యి. తుంపర ఎటు పోతుందో గాలికే తెలుసు. ఒంటి మీద పడితే ఇంటికి రాగానే బట్టలు మార్చి సబ్బుతో స్నానం చెయ్యి. కాలువ నీళ్ళు ఎంత తేటగా కనిపించినా తాగవద్దు, నీ సీసా నువ్వు తీసుకెళ్ళు. పొలాల్లో నీడ దొరకదు. ఎండకు ఒళ్ళు అలవాటు పడడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, అప్పటిదాకా దూరం తగ్గించుకో.

ఖాళీగా కనబడే చేను ఖాళీదని అనుకోకు. నిన్ననే విత్తి ఉండవచ్చు. అడ్డదారి కోసం అందులో అడుగు పెట్టకు. గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచు, మూసి ఉంటే దాటాక మూసెయ్యి. కంచె తీగ ముట్టుకోవద్దు, కరెంటు ఉండవచ్చు. పనిలో ఉన్నవాళ్ళు ఎదురైతే వేగం తగ్గించి పలకరించు. ఏ గట్టు తెగిందో, ఏ కుక్క కట్టు విప్పి ఉందో, రేపు ఎక్కడ మందు కొడతారో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

కొత్త బూట్లు కొనాలా అని అడిగావు కదా. పొడినేల వరకు నీ రోడ్డు బూట్లే చాలు. వానలు మొదలయ్యాక కూడా నీకు ఆ బాట మీద మోజు ఉంటే, అడుగున లోతైన పళ్ళున్నవి కొనుక్కుందువుగాని. బయలుదేరే ముందు ఎటు వెళ్తున్నావో ఇంట్లో చెప్పి, ఫోను వెంట తీసుకెళ్ళు.

మీ బాబాయి