గ్రానైట్ ఫ్యాక్టరీ వ్యర్థం మూడేళ్లలో 60 శాతం తగ్గిందంటే నమ్మొచ్చా?

చీమకుర్తి వైపు ఒక కటింగ్ ఫ్యాక్టరీ తన వ్యర్థం మూడేళ్లలో 60 శాతం తగ్గిందని, మిగిలిందంతా రీసైక్లింగ్‌కే పోతోందని రాసుకుందట, నమ్మొచ్చా అని అడిగారు. ఆ శాతం పక్కనబెట్టి ముందు ఒకటే అడగండి: కాటా తడిగా ఉన్నప్పుడు వేశారా, ఎండినాక వేశారా?

రాయి కోసేటప్పుడు బ్లేడు వేడెక్కకుండా నీళ్లు పడుతూనే ఉండాలి. రాతి పౌడర్ ఆ నీళ్లతో కలిసి స్లర్రీగా గుంటలోకి పోతుంది. ట్యాంకర్‌లో 10 టన్నుల స్లర్రీ ఉండి, అందులో పౌడర్ 30 శాతమైతే అసలు సరుకు 3 టన్నులే. మరుసటేడు ఫిల్టర్ ప్రెస్ పెట్టారనుకుందాం. గుడ్డ తొడిగిన ప్లేట్ల మధ్యకి పంపు స్లర్రీని నెడుతుంది, నీళ్లు బయటికి పోతాయి, ప్లేట్లు విడదీయగానే బిళ్లలు బిళ్లలుగా కింద రాలుతుంది. తేమ 20 శాతం మిగిలినా, అదే 3 టన్నుల పౌడర్ ఇప్పుడు తూగేది 3.75 టన్నులు. కాగితం మీద వ్యర్థం 62.5 శాతం తగ్గిపోయింది! రాతి పౌడర్ మాత్రం గ్రాము కూడా తగ్గలేదు. ప్రెస్ వల్ల నీళ్లు తిరిగి కోతకి పనికొస్తాయి, మన ప్రకాశం జిల్లాలో అది తక్కువ మేలేం కాదు. కానీ నీళ్ల ఆదాని తెచ్చి వ్యర్థం లెక్కలో వేసుకుంటే ఎట్టా?

నిజంగా తగ్గాలంటే కోత సన్నబడాలి. 20 మి.మీ. పలకకి బ్లేడు 5 మి.మీ. తింటే రాయిలో ఐదో వంతు పౌడరే. 4 తింటే ఆరో వంతు. చీమకుర్తిలో దొరికే నల్ల గెలాక్సీ గ్రానైట్ నీళ్లకి దాదాపు మూడు రెట్లు బరువు, అంటే 5 మి.మీ. కోతకి చదరపు మీటరుకి సుమారు 15 కిలోలు ఎండు పౌడర్ రావాలి. పాలిషింగ్‌లో పోయేది, అంచుముక్కలు దీనికి అదనం. వాళ్ల లెక్కలో 6 కిలోలే కనిపిస్తే మిగతాది ఎటు పోయిందో చెప్పమనండి.

రీసైక్లింగ్ మాటకొస్తే, గ్యాంగ్‌సా (ఇనుప గుళ్లు, సున్నం నీళ్లు పోస్తూ పెద్ద దిమ్మెని ఒకేసారి పలకలుగా కోసే యంత్రం) స్లర్రీలో ఇనుప గుళ్ల అరుగుడు, సున్నం ఉంటాయి. దాంతో ఇటుకలో, టైల్సో పోస్తే వానకి తుప్పు మరకలు తేలతాయి, తీసుకున్నవాడు రెండోసారి తీసుకోడు. డైమండ్ బ్లేడు స్లర్రీ అట్టా కాదు, కానీ రెండూ ఒకే గుంటలో వదిలితే మంచిదీ పాడే. పైగా ఈ పౌడర్‌కి పట్టు లేదు. ఇసుకలో కొంత బదులు వాడొచ్చు గానీ సిమెంటు బదులు కాదు. మరీ మెత్తన కాబట్టి నీళ్లు ఎక్కువ లాగి, మోతాదు మించితే బలం తగ్గిస్తుంది. అందుకే ట్రాక్టర్లకెత్తి పాత క్వారీ గుంటలో పోసి 'పునర్వినియోగం' అని రాసేస్తారు. గేటు దాటిన బరువు కాదు, అవతల దించుకున్నవాడి కాటా చీటీ చూడాలి.

పెద్ద కంపెనీలేం తక్కువ తినలేదు. షేర్ మార్కెట్‌లో టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు సెబీ నిబంధన ప్రకారం ఏటా ఇచ్చే బీఆర్ఎస్ఆర్ (పర్యావరణం, సామాజిక బాధ్యతల) నివేదికలో వ్యర్థాన్ని రూపాయి టర్నోవర్‌కి ఇంత అని కూడా చూపిస్తారు. సరుకు ధర పెరిగితే చాలు, చెత్త తగ్గినట్టే కనపడుతుంది.

కంపెనీ వివరాలు ఇవ్వకపోతే, ఫారం-5 పర్యావరణ నివేదిక కాపీలు మూడేళ్లవి కాలుష్య నియంత్రణ మండలికి ఆర్టీఐ పెట్టి అడగండి. అది ఏటా సెప్టెంబర్ 30లోగా దాఖలు చేయాల్సింది. పార్ట్-బిలో ముడి సరుకు, పార్ట్-ఇలో ఘన వ్యర్థం ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి, కోసిన రాయికి తగ్గ పౌడర్ చూపించారో లేదో లెక్క కట్టండి.