షాపు కోసం కొన్న రూటర్‌కు వినియోగదారుల చట్టం వర్తిస్తుందా?

సందేహం: హన్మకొండలో మాకు పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్ షాపు ఉంది. నేను, నా భార్య, సాయానికి ఒక కుర్రాడు. నాలుగు కంప్యూటర్ల మధ్య పెద్ద ఫైళ్లు పంపుకోవడానికి, నెట్‌కు కలిపి గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) రూటర్ కావాలని హైదరాబాద్‌లోని ఒక షాపును వాట్సాప్‌లో అడిగాం. ‘ఇది 1200 స్పీడు, గిగాబిట్ కన్నా ఎక్కువే’ అని మెసేజ్ పెట్టి ఒకటి పంపారు. మూడు వారాలైంది. 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా, వైరు పెట్టినా 95 దాటట్లేదు. వాపసు తీసుకోమంటే ‘సీల్ తీస్తే వాపసు లేదు, బిల్లు మీదే ఉంది’ అంటున్నారు. జీఎస్టీ నంబరు మీద కొన్నాం కాబట్టి కన్జ్యూమర్ కోర్టుకు పోలేమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నిజమేనా? కొత్తది కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

సమాధానం: మీరు పోవచ్చు. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతున్న మాట నిజమే. కానీ అదే సెక్షన్ 2(7) కింద ఒక వివరణ ఉంది. స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే వస్తువు కొని, తామే వాడుకునేవారికి ఆ మినహాయింపు అంటదు. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. లేత్ మిషన్ కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడేనని, ఒకరిద్దరి సాయం తీసుకున్నా ఆ హక్కు పోదని తేల్చింది. భార్యాభర్తలు కూర్చొని పనిచేసే మీ షాపు దీనికి బాగా దగ్గర. జీఎస్టీ నంబరును అవతలి లాయరు తప్పకుండా ఎత్తి చూపుతారు. అందుకే ‘ఇదే మా జీవనాధారం, పని మేమే చేస్తాం’ అని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయండి. ఆ మాట లేకపోతే ఫిర్యాదు మొదట్లోనే దెబ్బతినవచ్చు.

ఇక లోపం సంగతి. రూటర్ కాలిపోలేదు, పనిచేస్తూనే ఉంది కదా అని వాళ్లు అంటారు. అమ్మేవాడు చెప్పిన ప్రమాణానికి వస్తువు తగ్గినా అది లోపమేనని సెక్షన్ 2(10) అంటోంది. డబ్బా మీది 1200 అనేది రెండు వైఫై బ్యాండ్‌ల వేగం కలిపి వేసిన అంకె, దానికీ వైరు గుచ్చే పోర్టులకూ సంబంధం లేదు. డబ్బా పక్కన చిన్న అక్షరాల్లో చూడండి. పోర్టుల దగ్గర ‘10/100’ అని ఉంటే అది గిగాబిట్ కాదు, గిగాబిట్ అయితే ‘10/100/1000’ అని ఉంటుంది. మీకు 95 దగ్గర ఆగిపోవడం కూడా వంద పోర్టు లక్షణమే.

అయితే ఒక జాగ్రత్త. గిగాబిట్‌కు కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి, వందకు నాలుగు చాలు. ఒక్క తీగ తెగినా మంచి రూటర్ కూడా వందకు పడిపోవచ్చు. ‘మీ కేబులే బాలేదు’ అనే మాట వాళ్ల నోట రాకముందే, కొత్త క్యాట్ 6 కేబుల్‌తో ఇంకో కంప్యూటర్ పెట్టి చూసి, లింక్ స్పీడ్ (కంప్యూటర్‌కూ రూటర్‌కూ మధ్య వేగం) కనిపించే స్క్రీన్‌ను ఫొటో తీసుకోండి. డబ్బా పారేయకండి. వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి.

ఆలస్యం చేయకూడదు. బిల్లులో గడువు లేకుంటే, లోపమున్న సరుకును 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం అనుచిత వ్యాపార పద్ధతి. ‘వాపసు లేదు’ అనే ముద్ర గడువు కాదు. మీకు మూడు వారాలు గడిచాయి కాబట్టి, సరుకును తిరస్కరిస్తున్నామని, డబ్బు ఇవ్వాలని ఇవాళే మెయిల్ పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. ఆ రూటర్ వాడకం ఆపేయండి. అందాకా పని ఆగకుండా ఒక గిగాబిట్ స్విచ్ (కంప్యూటర్లను వైర్లతో కలిపే పెట్టె) తెచ్చుకుంటే ఫైళ్లు వేగంగా తిరుగుతాయి, నెట్‌కు కంపెనీ ఇచ్చిన మోడెమ్ సరిపోతుంది.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, తర్వాత వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో (కన్జ్యూమర్ కోర్టులో) ఫిర్యాదు వేయండి. మీరు ఉండే చోటే వేయవచ్చు, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఒకవేళ మీది వ్యాపార కొనుగోలేనని కమిషన్ అన్నా, 1930 వస్తు విక్రయ చట్టం కింద సివిల్ కోర్టు దారి ఉంది.

కొత్తది కొనేటప్పుడు మీరే బ్రాండు, మోడల్ పేరు చెప్పి అదే ఇమ్మనకండి. పేరు పట్టి కొన్న సరుకు ‘మా పనికి సరిపోలేదు’ అనే వాదనకు వస్తు విక్రయ చట్టంలోని సెక్షన్ 16 అండ ఉండదు. ఎన్ని కంప్యూటర్లు, ఏ ప్లాన్, ఏం పని అన్నది రాసి పంపి, ఏది సరిపోతుందో వాళ్లనే చెప్పమనండి. నెట్ వైరు పెట్టే పోర్టూ, కంప్యూటర్ల పోర్టులూ అన్నీ గిగాబిట్టేనా, ఫైర్‌వాల్ (బయటి దాడులను ఆపే రక్షణ) ఆన్ చేసినప్పుడు ఎంత వేగం ఇస్తుంది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నాళ్లు వస్తాయి, వారంటీలో పాడైతే వరంగల్‌లోనే మారుస్తారా అని అడగండి. నా దృష్టిలో షాపుకు చివరి రెండే ఎక్కువ ముఖ్యం, సీజన్‌లో రెండు వారాలు రూటర్ లేకుండా ఎవరూ నెట్టుకురాలేరు. బిల్లులో ‘రూటర్ 1’ అని కాక, మోడల్ నంబరు, ‘అన్ని పోర్టులు గిగాబిట్’ అనే మాట రాయించుకోండి. రాయనంటే ఇంకో షాపు చూసుకోండి.