నీడ పడిన ఫొటో పారేయొద్దమ్మా

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది, ఇల్లు సర్దుతుంటే రెండు ఆల్బమ్‌లు, ఓ అట్టపెట్టె నిండా విడి ఫొటోలు దొరికాయి, అన్నయ్యేమో బాగున్నవి ఓ వంద స్కాన్ చేయించి మిగతావి పారేద్దామంటున్నాడు, మీకేమో ఒక్కటీ వదలబుద్ధి కావట్లేదు, పైగా అన్ని ఫొటోల్లో వెతికినా ఒక్కదాంట్లోనూ నాన్న లేరని ఏడుపొస్తోందని రాశారు.

ముందు ఆ ఏడుపు సంగతే మాట్లాడదాం. ఆయన ఫొటోల్లో లేనిది కెమెరా ఆయన చేతిలో ఉండబట్టే కదా. మీ చిన్నప్పటి ఫొటోల్లో మీ కళ్ళు సూటిగా చూస్తుంటాయని మీరే రాశారు. పెద్దాళ్ళు నిలబడి తీస్తే పిల్లల నడినెత్తే ఎక్కువ కనిపిస్తుందమ్మా, మీ కళ్ళకి ఎదురుగా కెమెరా ఉందంటే ఆయన ప్రతిసారీ మీకోసం కింద కూర్చుని ఉంటారు. అప్పట్లో మామూలుగా ఒక రీలుకి 36 ఫొటోలు, కడిగించేదాకా ఎలా వచ్చిందో తెలీదు, ఒక్కో క్లిక్కూ లెక్కే. అలాంటిది ఏ పండగా ఏ ఫంక్షనూ లేని రోజు, మీరు జడ వేయించుకుంటూ మొహం చిట్లిస్తుంటే, దానిమీద మూడు ఫొటోలు తీశారంటే ఆ మనిషికి మీరంటే ఎంత ముద్దో నేను వేరే చెప్పాలా.

ఇక అన్నయ్య. ఆయనకి ప్రేమ లేదని తేల్చేయకండి, చూస్తే తట్టుకోలేక తొందరగా సర్దేసేవాళ్ళని నేను చాలామందిని చూశాను. పారేయాలా వద్దా అన్న మాట ఇప్పుడు పక్కన పెట్టి, ఒక సాయంత్రం అమ్మని మధ్యలో కూర్చోబెట్టి ఇద్దరూ చెరోపక్క కూర్చోండి, ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి ఒక్కో ఫొటో చేతికిచ్చి ఇదెవరు, ఆరోజు ఏమైంది అని అడుగుతూ పోండి. ఇది మాత్రం వాయిదా వేయొద్దు, ఫొటోలు పెట్టెలో ఇంకో పదేళ్ళుంటాయి గానీ ఆ పేర్లు ఇప్పుడు అమ్మకి మాత్రమే తెలుసు. ఆమె చెప్పిన పేరు ఫొటో వెనకాల మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి, పెన్ను వద్దు, ఇంకు ముందుకి దిగుతుంది.

ఎర్రగా మారినవి పాడైపోయాయని అనుకోకండి, ఆ కాలం కలర్ ప్రింట్లలో నీలం వైపు రంగు ముందు వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది, స్కాన్ చేశాక చాలావరకు సరిచేయొచ్చు. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కున్నవి లాగకండి, పేజీని ఉన్నదున్నట్టు ఫొటో తీసుకోండి. నెగెటివ్‌లు మాత్రం అస్సలు పారేయొద్దు. ఒకేలాంటివి నాలుగుంటే మూడు తీసేయండి, మనుషుల్లేని కొండలూ ఆకాశాలూ కూడా, అక్కడ అన్నయ్య మాట వినండి, తప్పేం లేదు.

చివర్లో రాశారు చూడండి, మీరూ అన్నయ్యా ఎండలో నిలబడ్డ ఫొటోలో నేలమీద ఎవరిదో నీడ అడ్డంపడి పాడైందని, అన్నయ్య దాన్ని పారేసేవాటిలో పెట్టాడని. వెలుగు మొహాలమీద పడాలని సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీసేవారమ్మా అప్పట్లో. ఆ నీడలో రెండు మోచేతులు పక్కలకి పొడుచుకొచ్చి ఉన్నాయేమో చూడండి. కెమెరా కళ్ళ దగ్గర పెట్టుకున్న మనిషి నీడ అలాగే ఉంటుంది. ఉంటే, ఏమీ వాదించకుండా ఆ ఫొటో అన్నయ్య చేతిలో పెట్టండి.