అనస్థీషియా వదిలేసి రేడియాలజీ మళ్ళీ రాయించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎండీ అనస్థీషియా సెకండ్ ఇయర్. అయ్యాక క్రిటికల్ కేర్ చేస్తానంటోంది. జీవితాంతం ఐసీయూలో నైట్ డ్యూటీలేనా అని మా ఆవిడకి దిగులు. మళ్ళీ నీట్ పీజీ రాసి రేడియాలజీ తీసుకోమంటున్నాం. లేదంటే ఐసీయూ అల్ట్రాసౌండ్ కోర్సు చేయిస్తే రెండూ వచ్చినట్టేనా? ఏది మేలో చెప్పండి. - ఒక తండ్రి, ఖమ్మం

సార్, ఈ ప్రశ్న ఏటా వస్తుంది నాకు, బ్రాంచి పేర్లు మారతాయి గానీ లోపల భయం ఒకటే, పిల్ల కష్టపడిపోతుందేమో అని. ఆ భయం తప్పు కాదు. కానీ మీరు రాసినదాంట్లో అమ్మాయి మాట ఒక్క ముక్క, మిగతాదంతా మీరూ మీ ఆవిడా. రెండో ఏడు నడుస్తుంటే సీటు వదిలేసి మళ్ళీ పరీక్షకి కూర్చోమంటారా? సీటు వదిలితే కట్టాల్సిన బాండు డబ్బులు అలా ఉంచండి, ఇన్నాళ్ళు ఆపరేషన్ థియేటర్లో నిలబడి నేర్చుకున్నదానికి ఇంట్లో విలువ లేదని తను అనుకోదా? కటువుగా ఉందని తెలుసు, అయినా చెప్పాలి.

రేడియాలజీ మంచి బ్రాంచే, కాదనను. ఏఐ వచ్చి మింగేస్తుందన్నది కూడా నేను నమ్మను, 2016లో ఏఐకి ఆద్యుల్లో ఒకడైన జెఫ్రీ హింటన్ అంతటాయన ఇక రేడియాలజిస్టులకి ట్రైనింగ్ ఆపేయండి, ఐదేళ్ళలో మెషీనే బాగా చదువుతుంది అన్నాడు, ఆ ఐదేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి, మన టాపర్లు ఇంకా ఆ సీటు కోసమే పోటీ పడుతున్నారు. అయితే అక్కడా ఎమర్జెన్సీ సీటీ స్కాన్లు అర్ధరాత్రే వస్తాయి, సుఖం కోసమైతే వెళ్ళొద్దు.

నా అసలు అనుమానం మీరడిగిన కోర్సు మీద. ఇప్పుడు అందరూ రెండ్రోజుల వర్క్‌షాపులకి పోతున్నారు, ఆరోగ్యంగా ఉన్న మనిషిని పడుకోబెట్టి అల్ట్రాసౌండ్ ప్రోబ్ (ఒంటి మీద ఆనించే పరికరం) పట్టుకోవడం నేర్పించి సర్టిఫికెట్ ఇస్తారు. మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతవరకే. నా దగ్గర సలహా తీసుకున్న ఒకబ్బాయి ఇప్పుడు ఐసీయూ డాక్టరు, ట్రైనింగ్‌లో ఒక రాత్రి జరిగింది చెప్పాడు. వెంటిలేటర్ మీదున్న పెద్దాయనకి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్) పడిపోతోంది, ఎడమ ఛాతీ మీద ప్రోబ్ పెడితే ఊపిరితో పాటు కదలాల్సిన ఊపిరితిత్తి పొర జారడం కనపడట్లేదు. వర్క్‌షాపులో విన్నది గుర్తొచ్చింది, న్యూమోథొరాక్సే (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) అనుకుని సూది పొడవబోయాడు. సీనియర్ మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపి, స్క్రీన్ మీద ఆ పొర దగ్గర సరిగ్గా చూడమంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా సన్నగా అదురుతోంది. అలా అదిరితే అక్కడ గాలి చేరలేదన్నట్టే. అసలు సంగతి, వెంటిలేటర్ ట్యూబు కుడి ఊపిరితిత్తి గొట్టంలోకి దిగిపోయి ఎడమవైపుకి గాలే వెళ్ళట్లేదు. రెండు సెంటీమీటర్లు వెనక్కి లాగారు, నంబర్ పైకొచ్చింది. ఆ మేడమ్ లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి.

ఎక్స్‌రేలూ అంతే. మంచం మీద పడుకోబెట్టి తీసిన ఫిల్ములో గుండె ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది, ఛాతీలో నీరు కింద చేరకుండా వెనక పరుచుకుని పొగమంచులా ఉంటుంది. పేషెంట్ని చూస్తూ, రోజూ, మన తప్పు ఎత్తిచూపేవాళ్ళ పక్కన కూర్చుని చదివితేనే కన్ను కుదురుతుంది.

కాబట్టి కోర్సు కాదు, చోటు వెతకండి. అనస్థీషియా ఎండీ తర్వాత నీట్ ఎస్ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) రాస్తే క్రిటికల్ కేర్‌లో డీఎం మూడేళ్ళు, ముంబై టాటా మెమోరియల్, లక్నో ఎస్‌జీపీజీఐ లాంటి చోట్ల ఉంది, డీఆర్ఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే ఆ స్థాయి డిగ్రీ) కూడా మూడేళ్ళే. చేరేముందు అక్కడి జూనియర్లకి తనే ఫోన్ చేసి అడగాలి: పొద్దున ఫిల్ములు రేడియాలజిస్టుతో కూర్చుని చూస్తారా, నేను చేసిన స్కాన్ ఎవరైనా మళ్ళీ చెక్ చేస్తారా, అల్ట్రాసౌండ్ మెషీన్ రాత్రిళ్ళు అందుబాటులో ఉంటుందా లేక బీరువాలో తాళం వేస్తారా? (1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం వల్ల ఐసీయూ మెషీన్‌కి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి, అందుకే కొన్నిచోట్ల బయటికి తియ్యడానికే భయపడతారు.)

రెండూ వచ్చినట్టేనా అంటే, కాదండి. ఐసీయూలో చూసే స్కాన్ ఆ క్షణం ఏం చెయ్యాలో తేల్చుకోడానికి, సీటీకి పూర్తి రిపోర్టు రాసేది రేడియాలజిస్టే. తను రేడియాలజిస్టు అవ్వదు, అవ్వక్కర్లేదు కూడా.

మీ ఆవిడకి ఇది చెప్పండి. ఐసీయూ షిఫ్టుల మీద నడుస్తుంది, మొదటి కొన్నేళ్ళు నైట్లు బరువే. ఎప్పుడైనా ఇక చాలనిపిస్తే అనస్థీషియా ఎండీ చేతిలో ఉంటుంది, థియేటర్‌కి తిరిగి వెళ్ళొచ్చు, మళ్ళీ ఏ పరీక్షా రాయక్కర్లేదు.