లాగ్ స్కేల్ మీద సున్నాలు: 1 కలిపేస్తే సరిపోదు

"లాగ్ స్కేల్ పెట్టగానే గ్రాఫ్‌లో సున్నాలు మాయమైపోతున్నాయి, అన్నిటికీ 1 కలిపేయనా?" అని అడిగారు. (లాగ్ స్కేల్ అంటే 1, 10, 100 ఇలా ప్రతి పది రెట్లకీ ఒకే ఎడం ఉండే కొలత.) వద్దు. ఈ మాయమైపోవడం వల్లే ఒక రాత్రి చాలా ఇబ్బంది పడ్డాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

అప్పట్లో ఒక వెబ్ సర్వర్‌కి నిమిషానికి ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయో గ్రాఫ్ గీసి పెట్టడం నా పని. సాయంత్రం లక్షల్లో, తెల్లవారుజామున పదుల్లో ఉండేవి. మామూలు స్కేల్‌లో రాత్రి భాగమంతా అడుగున అంటుకుపోయేది కాబట్టి లాగ్ పెట్టాను. ఓ రోజు మూడింటికి ఫోన్: "ఇందాక సైట్ అసలు తెరుచుకోలేదు." గ్రాఫ్ చూశాను. గీత ఎక్కడా తెగలేదు, ఎక్కడా పడలేదు. "మా దగ్గర అంతా బాగానే ఉంది, మీ నెట్‌వర్క్ చూసుకోండి" అన్నాను. వాళ్లు తెల్లారే దాకా వెతుకుతూనే ఉన్నారు. పొద్దున అనుమానం వచ్చి అసలు అంకెలు తెరిచాను. 2:09కి 38. 2:51కి 45. మధ్యలో వరసగా నలభై ఒక్క సున్నాలు! సున్నాకి లాగ్ లేదు కాబట్టి మేం వాడే టూల్ వాటిని చప్పుడు లేకుండా తీసేసి, ఈ చివర చుక్కనీ ఆ చివర చుక్కనీ గీతతో కలిపేసింది. ఎక్సెల్ కనీసం హెచ్చరిక అయినా చూపిస్తుంది.

1 కలపడం దగ్గరికి వస్తే, ఆ 1 ఏ యూనిట్‌లోది? 2 మిల్లీసెకన్లకీ 200 మిల్లీసెకన్లకీ తేడా వంద రెట్లు. 1 కలిపితే 3, 201 అవుతాయి, అంటే 67 రెట్లు. అదే డేటా సెకన్లలో ఉంటే 1.002, 1.2 అవుతాయి. తేడా దాదాపు 1.2 రెట్లే! యూనిట్ మారిస్తే గ్రాఫ్ చెప్పే మాటే మారిపోతోంది. పైగా అక్షం మీద "1 కలిపాం" అని రాసేవాళ్లు నాకు ఇంతవరకూ కనబడలేదు. సున్నా బదులు 0.0001 పెట్టేయడం కూడా ఇలాంటిదే. అంత చిన్న అంకెను ఎవరూ కొలవలేదు, మనం పుట్టించాం.

లాగ్ స్కేల్ మీద బార్ చార్టులు గీసేవాళ్లని చూసినా నాకు కోపమే. ఆ స్కేల్‌కి అడుగన్నదే లేదు. బార్ ఎక్కడ మొదలవ్వాలో టూల్ తన ఇష్టం వచ్చినట్టు తేలుస్తుంది, చూసేవాళ్లు మాత్రం దాని ఎత్తునే నమ్ముతారు. చుక్కలు పెట్టండి, చాలు.

నేనిప్పుడు వాడేది సిమ్‌లాగ్. సున్నా చుట్టూ కొంత మేర మామూలు స్కేల్, అది దాటాక లాగ్. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో అదే పేరుతో ఉంది, ఆ హద్దును లిన్‌త్రెష్ అంటారు. వెబ్ పేజీల్లో గ్రాఫులు గీసే డీ3లో కూడా సిమ్‌లాగ్ ఉంది, గణాంకాల భాష ఆర్ వాడేవాళ్లకి స్కేల్స్ ప్యాకేజీలో సూడో లాగ్ దొరుకుతుంది. మీవి లెక్కపెట్టే అంకెలైతే హద్దు 1 దగ్గర పెట్టండి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ అడక్కుండానే 2 పెడుతుంది, దాన్ని అలా వదిలేయకండి. హద్దు దగ్గర సన్నని అడ్డగీత కూడా గీయండి, స్కేల్ ఎక్కడ మారిందో చూసేవాళ్లకి తెలుస్తుంది.

సిమ్‌లాగ్ లేని టూల్ అయితే కింద విడిగా సన్నని పట్టీ వదిలి, "0" అని రాసి, సున్నాల చుక్కలన్నీ అందులో పెట్టండి. ఆ రాత్రి నా గ్రాఫ్‌లో అలాంటి పట్టీ ఉండి ఉంటే, నలభై ఒక్క చుక్కలు వరసగా కింద కనబడేవి.