నాయకుడి పని చూస్తామా, ఫొటో చూస్తామా? ఫ్లెక్సీలు ప్రింట్ చేసేవాడిగా నా జవాబు

అడిగిన ప్రశ్న: "మన నాయకుల్ని చేసిన పనిని బట్టి అంచనా వేస్తున్నామా, ఇమేజ్‌ని బట్టా? మీ అనుభవంలో ఏం గమనించారు?"

నాకు కోదాడలో ఫ్లెక్సీ కొట్టు ఉంది. ఫ్లెక్సీలు రాకముందు గోడల మీద రాసేవాణ్ణి. సున్నం కొట్టిన గోడ, నీలం రంగు, రెండు బ్రష్షులు, రాత్రిపూట పట్టుకోవడానికి ఒక పెట్రోమాక్స్ లైటు. మొత్తం మీద ముప్పై ఏళ్ళ నుంచి నాయకుల పేర్లు, గుర్తులు, మొహాలతోనే మా ఇల్లు గడుస్తోంది. అందుకే ఈ ప్రశ్న చూడగానే నాకు జవాబు తెలుసు అనిపించింది. రాయడానికి కూర్చుంటే అంత తేలిగ్గా లేదు.

ముందు మా కొట్టులో జరిగే సంగతి చెబుతాను. చిన్న నాయకుడు ఫ్లెక్సీ కోసం వస్తే మ్యాటర్ గురించి రెండు నిమిషాలు మాట్లాడతాడు, ఫొటో గురించి గంట. "అన్నా, కొంచెం తెల్లగా చెయ్." "మెడలో గొలుసు తీసెయ్, బయట బాగోదు." "జుట్టు కాస్త ఒత్తుగా పెట్టు." బోనాలకు బొట్టు పెట్టిన ఫొటోనే రంజాన్‌కి బొట్టు చెరిపి టోపీ పెట్టి పంపిన రోజులున్నాయి. తను చేయించిన పని గురించి ఒక్క లైను రాయమన్నవాళ్ళు నా లెక్కలో పదిమంది కూడా లేరు. వాళ్ళని తప్పు పట్టను. ఫ్లెక్సీ చదివేవాడు ఎవడు? బండి మీద పోతూ చూస్తాడు, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. 2013లో పంచాయతీ ఎన్నికలప్పుడు పక్క మండలం నుంచి ఒకాయన వచ్చాడు. అంతకుముందు జరిగిన ఎన్నికల్లో గెలిచి ఐదేళ్ళు ఆ ఊరి సర్పంచ్‌గా చేశాడు. ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు కట్టించింది ఆయనే. ముసలివాళ్ళ పింఛన్ల కాయితాలు చంకన పెట్టుకుని మండలాఫీసు చుట్టూ తిరుగుతుంటే నేనే చాలాసార్లు చూశాను. అయినా ఊళ్ళో ఎవరిని అడిగినా ఒకటే మాట: "పని చేశాడులే గానీ, మనిషికి పొగరు. నమస్తే పెడితే తిరిగి పెట్టడు."

కొట్టులో ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, నేను పక్కన నిలబడి సైజు ఎంత కావాలని అడిగాను. పలకలేదు. ఇంకోసారి అడిగాను, తెర వైపే చూస్తున్నాడు. నాకు కాలింది. ఊరంతా అనేది నిజమే అనుకుని చదరపు అడుక్కి ఒక రూపాయి ఎక్కువ చెప్పాను (తర్వాత తగ్గించాన్లెండి). కాసేపటికి ఆయనే తల తిప్పి, "తమ్ముడూ, కాస్త ఇటు కుడిపక్కకి వచ్చి మాట్లాడు. ఎడం చెవి వినపడదు నాకు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. అంటే ఇన్నేళ్ళూ ఎడంపక్క నుంచి నమస్తే పెట్టిన ప్రతివాడూ ఈయన్ని పొగరుబోతు కింద లెక్కేశాడన్నమాట. "మరి ఊళ్ళో చెప్పొచ్చు కదన్నా" అన్నాను. ఆయన నవ్వి, "పొగరున్నోడికన్నా ఓటేస్తారు గానీ చెవిటోడికి వేస్తారా?" అన్నాడు.

అరవై చిల్లర ఓట్ల తేడాతో ఓడిపోయాడు. గెలిచినతను కుర్రాడు, చక్కగా నవ్వుతాడు, ఎవరు కనపడినా బండి ఆపుతాడు. చెడ్డవాడేం కాదు.

అప్పటినుంచి పెద్ద నాయకుల సంగతి కూడా నేను ఈ కళ్ళతోనే చూస్తున్నాను. మనం అనుకునేది ఏమిటంటే, ఇమేజ్ అంటే అబద్ధం, పని అంటే నిజం అని. నాకు అలా కనపడలేదు. ఇమేజ్ ఒక సంచి లాంటిది. అందులో పట్టే పనులు మనకు గుర్తుంటాయి, పట్టనివి ఎంత పెద్దవైనా దారిలోనే జారిపోతాయి.

మా అమ్మ సంగతి చెబుతాను. 1982 చివర్లో నాకు పదేళ్ళు. ఎన్టీఆర్ చైతన్యరథం వస్తుందని తెలిసి అమ్మ నన్నూ చెల్లినీ తీసుకుని హైవే పక్కన అర్ధరాత్రి దాకా కూర్చుంది. అప్పటిదాకా ఆమెకు ఆయనంటే తెరమీది కృష్ణుడు, రాముడు. వ్యాన్ మీద ఖాకీ బట్టల్లో నిలబడిన మనిషి ఏం మాట్లాడాడో నాకు గుర్తు లేదు, అమ్మకీ లేదు. ఇంటికొస్తూ దారిపొడుగునా ఆమె అన్నది ఒకటే, "ఎండకి ఎంత నల్లబడ్డాడో చూశావా, పాపం." ఓటు అక్కడే పడిపోయింది. 1982 మార్చి 29న పెట్టిన పార్టీ, తొమ్మిది నెలలకే 1983 జనవరిలో 294 సీట్లున్న అసెంబ్లీలో 200 దాటింది. ఆత్మగౌరవం నినాదం, ముఖ్యమంత్రిగా ఉన్న అంజయ్య గారికి బేగంపేట ఎయిర్‌పోర్టులో రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానం, ఇవన్నీ కారణాలే, కాదనను. మా అమ్మ లెక్కలో మాత్రం మనకోసం దేవుడు ఎండలోకి దిగాడు.

రెండు రూపాయల కిలో బియ్యం ఆ సంచిలో సరిగ్గా పట్టింది. 'అన్న' అన్నం పెట్టాడు, ఇంకేం కావాలి? పటేల్ పట్వారీ వ్యవస్థ తీసేసిందీ, తాలూకాలు పోయి మండలాలు వచ్చిందీ మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని చెప్పుకున్నారు. ఆడపిల్లకు పూర్వీకుల ఆస్తిలో వాటా ఇచ్చిన సవరణ కూడా ఆయన హయాంలోదే అని చాలా ఏళ్ళ తర్వాత నేను చెబితే అమ్మ, "అవునా, అది కూడానా?" అంది. ముగ్గురు అక్కచెల్లెళ్ళున్న మనిషి, ఆమె జీవితానికి బియ్యం ఎంత దగ్గరో ఈ చట్టమూ అంతే దగ్గర. కానీ ఆమె మనసులో ఉన్న ఎన్టీఆర్ బొమ్మకి చట్టం అతకదు, బియ్యం అతుకుతుంది.

బొమ్మ తిరగబడడం కూడా ఉంటుంది. తర్వాత ఆయన కాషాయం కట్టారు. మొదట్లో అది త్యాగంలా కనపడింది. ఉద్యోగులకు కోపం వచ్చాక (రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గించిన సంగతి పాతవాళ్ళకి గుర్తుంటుంది), పార్టీలో గొడవలు పెరిగాక, అదే బట్ట వేషంలా కనపడింది. 1989లో పార్టీ ఓడిపోవడమే కాదు, కల్వకుర్తిలో ఆయనే ఓడిపోయారు. 1994 వచ్చేసరికి మళ్ళీ ఆయనే దిక్కు, 216 సీట్లు. ఇన్నేళ్ళలో మనిషి పెద్దగా మారలేదు.

వైఎస్ విషయంలో ఉల్టా జరిగింది. 2003కు ముందు కడప బయట ఆయన గురించి జనం చెప్పుకున్నది వేరు, ఫ్యాక్షన్, కోపం, గ్రూపు రాజకీయాలు. ఏప్రిల్ 9న చేవెళ్ళలో నడక మొదలుపెట్టి, మండే ఎండల్లో తలపాగా చుట్టుకుని జూన్‌లో ఇచ్ఛాపురం చేరారు. దాదాపు 1,470 కిలోమీటర్లు. మధ్యలో రాజమండ్రి దగ్గర జబ్బు కూడా పడ్డారు. ఎండ మళ్ళీ పనిచేసింది! మా దగ్గరికి అప్పట్లో గోడ రాతల ఆర్డర్లు తెచ్చేవాళ్ళు ముందు 'డాక్టర్ వైఎస్ రాజశేఖరరెడ్డి' అని పూర్తిగా రాయించేవారు, నడక అయ్యాక 'రాజన్న' చాలన్నారు. గెలిచాక ఉచిత కరెంటు, ఆరోగ్యశ్రీ, రెండూ ఆ పంచె, ఆ నవ్వుతో కలిసిపోయాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పనులు మొదలైందీ, శంషాబాద్ విమానాశ్రయం తెరిచిందీ కూడా ఆయన హయాంలోనే. పల్లెల్లో ఆయన ఫొటో కింద ఆ సంగతి రాయించినవాణ్ణి నేను చూడలేదు.

అవి రాయాలంటే జనం చంద్రబాబు ఫొటో కింద రాస్తారు. సైబర్ టవర్స్, క్లింటన్ రాక, ల్యాప్‌టాప్, అదీ ఆయన బొమ్మ. కానీ 1999లో రైతు బజార్లు మొదలైంది ఆయన హయాంలోనే. ఇప్పటికీ మన ఆడవాళ్ళు సంచి పట్టుకుని కూరగాయలకి పోయే చోటు అది. ఎంతమందికి గుర్తుంది? హైటెక్ ముఖ్యమంత్రి సంచిలో వంకాయలు పట్టవు మరి. ఇంకో తమాషా. 2012 అక్టోబర్ 2న హిందూపురం నుంచి ఆయనా నడిచారు, అరవై దాటిన వయసులో, 2,800 కిలోమీటర్ల పైన. వైఎస్ నడిచినదానికి దాదాపు రెట్టింపు. జగ్గయ్యపేట నుంచి మాకు బోలెడు ఆర్డర్లు వచ్చాయి, నడుస్తున్న ఫొటోలే వేయించారు. అయితే 2014లో ఓటేసినవాళ్ళని అడిగితే "నడిచాడని" అన్నవాళ్ళు నాకు తగల్లేదు. "రాజధాని లేని రాష్ట్రం, అనుభవం ఉన్నోడు కావాలి" అన్నారు. నడక ఒకరి బొమ్మను మార్చేసింది, ఇంకొకరికి పాత బొమ్మే అక్కరకొచ్చింది. పాదయాత్ర చేస్తే గెలుపు ఖాయం అనేవాళ్ళకి ఇది చెబుతూ ఉంటాను. అదీ గాక జగన్ 3,648 కిలోమీటర్లు నడిచాక 2019లో 151 సీట్లు గెలిచిన ఆయన పార్టీయే 2024లో 11 దగ్గర ఆగింది.

మా తెలంగాణలో 2023 ఎన్నికల సంగతి మీరంతా చూసిందే. ఉద్యమంలో కేసీఆర్ గారి మాట, సామెత, యాస, ఆ దీక్ష, అదంతా "మనోడు" అనిపించిన బొమ్మ. పదేళ్ళలో దాని మీద 'ఫామ్‌హౌస్' అనే ఒక్క మాట అతికించారు ఎదుటివాళ్ళు. రైతుబంధు అందుకున్నవాళ్ళే మా కొట్టు ముందు టీ తాగుతూ "కలవడానికి దొరకడు" అనేవాళ్ళు. వాళ్ళలో ఎవరికీ ముఖ్యమంత్రిని కలవాల్సిన పని నిజంగా లేదు! ఓటమికి అదొక్కటే కారణం అనను. కానీ కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన రోజే, అప్పటిదాకా ముఖ్యమంత్రి నివాసంగా ఉన్న ప్రగతి భవన్ ముందు ఇనుప కంచె తీసేయించింది చూడండి. జనం దేన్ని చూస్తున్నారో వాళ్ళకి బాగా తెలుసు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండేది మాత్రం పీవీ. 2020 జూన్‌లో ఆయన శతజయంతి మొదలైనప్పుడు ఒక ఆర్డర్ వచ్చింది. "నవ్వుతున్న ఫొటో పెట్టండి, ఆ మూతి ముడుచుకున్నది వద్దు" అన్నారు. సగం రోజు వెతికాను. దొరికినవి తక్కువ, దొరికినవాటిలో సైజు పెంచితే పగలనివి ఇంకా తక్కువ. వెతుకుతూ ఆలోచిస్తే సిగ్గేసింది. ఆయన ప్రధానిగా ఉన్న ఐదేళ్ళూ మేమంతా ఆ మూతి మీద జోకులు వేసుకుని గడిపాం. మాట్లాడడు, తేల్చడు, నాన్చుతాడు, ఇదీ మా అంచనా. ఆ మనిషే 1972లో ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు పూనుకుని పెద్ద భూస్వాములతో తగువు పెట్టుకున్నాడు, మరుసటి ఏడాది మొదట్లోనే కుర్చీ పోగొట్టుకున్నాడు. 1991లో బంగారం తాకట్టు పెట్టిన దేశాన్ని, మెజారిటీ లేని ప్రభుత్వంతో, నెల తిరిగేసరికి కొత్తదారి పట్టించాడు. నాన్చేవాడు చేసే పనులా ఇవి? బాబ్రీ విషయంలో ఆయన్ని తప్పుపట్టేవాళ్ళతో నేను వాదించను, ఆ మాట నిలబడుతుంది. కానీ మేము ఆయన్ని నాన్చేవాడు అన్నది అందుకు కాదు. మొహం చూసి అన్నాం. 2024లో భారతరత్న ఇచ్చినప్పుడు అదే మొహం టీవీలో చూసి మా పక్క కొట్టాయన "ఎంత గంభీరమైన మనిషి" అన్నాడు. ఒకప్పుడు జోకులు వేసింది ఆయనే.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: పని చూస్తాం, కాకపోతే బొమ్మలోంచి చూస్తాం. నేనేదో దీన్ని దాటేశానని కాదు. మొన్న కూడా ఓటు వేసేముందు ఒక అభ్యర్థి గురించి "ఈయన చూపు బాగోలేదు" అని ఇంట్లో అన్నాను. మా అమ్మాయి "చూపుతో నీకేం పని నాన్నా?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

ఆ సర్పంచ్ గారు మళ్ళీ పోటీ చేయలేదు. ఓడిపోయిన ఏడాదికి కూతురి పెళ్ళి ఫ్లెక్సీ కోసం వచ్చాడు. చెవికి మిషన్ పెట్టించుకున్నావా అన్నా అని అడిగితే, "ఇప్పుడు పెట్టించుకున్నా. ఇంక ఓట్లతో పనేముంది?" అన్నాడు. నేను మాత్రం ఎక్కడ కనపడినా అలవాటుగా కుడిపక్క నుంచే వెళ్ళి పలకరిస్తున్నాను.